టెంపో కుదిరాక కీ సంగతి

పద్యనాటకంలో హార్మోనియం వాయించే ఆయన పక్కన ఒక రాత్రి కూర్చుంటే ఈ వ్యాసంలో సగం అర్థమైపోతుంది. కృష్ణుడు ఒకటిన్నర శ్రుతిలో పద్యం ఎత్తుకుంటాడు. వెనకాలే వచ్చే అర్జునుడి గొంతు ఐదుకు గాని పలకదు. ఒకరి పద్యం ముగిసి ఇంకొకరిది మొదలయ్యేలోగా శ్రుతి మారాలి, మారినట్టు జనానికి తెలియకూడదు. మా ఊరి నాటకాలకు వాయించే పెద్దాయన అందుకు ఎంచుకున్న చోటు చప్పట్లు. నటుడు రాగం సాగదీసి ఆపగానే "వన్స్ మోర్" కేకలు లేచేవి. ఆ గోలలో ఆయన వేళ్లు కొత్త షడ్జమం మీదికి జారిపోయేవి. గోల సద్దుమణిగేసరికి కొత్త శ్రుతి ఎప్పటినుంచో అక్కడే ఉన్నట్టు మోగుతుండేది.

డీజే బల్ల వెనక నిలబడిన కుర్రాడి పనీ ఇంచుమించు అదే. ఒక పాట ఆగకుండా ఇంకో పాట రావాలి, ఆడేవాళ్ల కాలు ఆగకూడదు. అందుకు రెండు పాటల వేగం కలవాలి, అది టెంపో. రెండూ కలిసి మోగినంతసేపు స్వరాలు కొట్టుకోకూడదు, అది కీ. టెంపో కలవాలన్న దాని మీద పెద్ద పేచీ ఏమీ లేదు. కీ చుట్టూ మాత్రం గత ఇరవై ఏళ్లలో ఓ చిన్న పరిశ్రమే పుట్టుకొచ్చింది: సాఫ్ట్‌వేర్లు, రంగురంగుల చక్రాలు, పాట పేరు ముందు 8ఎ, 5బి అని అంటించే అలవాటు. చక్రం చెప్పినట్టు నడిస్తే మిక్స్ తప్పే ప్రసక్తే లేదనేవాళ్లు కొందరు. అదంతా చెవి లేనివాళ్ల చేతికర్ర అని కొట్టిపారేసేవాళ్లు ఇంకొందరు. ఇద్దరూ ఒకటే మరిచిపోతున్నారని నాకనిపిస్తుంది. టెంపో, కీ మొదట్లో రెండు విషయాలు కావు. ఒకే మీటకు కట్టేసిన కవలలు. వాటిని విడదీసిన యంత్రం ఎప్పుడొచ్చిందో, ఏం చేసిందో చూడకుండా ఈ తగువు తేలదు.

ఒక మీట, రెండు పనులు

ఇంట్లో రికార్డ్ ప్లేయర్ ఉన్న పిల్లలందరూ చేసిన అల్లరి ఒకటుంది. 33లో తిరగాల్సిన రికార్డును 45లో పెట్టడం. పాట పరుగెత్తుతుంది, గాయకుడి గొంతు చిలక గొంతవుతుంది. పళ్లెం వేగంగా తిరిగితే పాటా వేగంగా సాగుతుంది, శ్రుతీ పైకి పోతుంది. ఒకటి పెంచి రెండోదాన్ని ఆపే దారి ఆ యంత్రంలో లేదు.

1970 ప్రాంతంలో న్యూయార్క్‌లోని శాంక్చురీ క్లబ్బులో ఫ్రాన్సిస్ గ్రాసో రెండు రికార్డుల దెబ్బ మీద దెబ్బ పడేలా కలిపి వాయించి పేరు తెచ్చుకున్నాడు. అప్పటి పాటల్లో డ్రమ్స్ మనుషులు వాయించినవి. చరణంలో కాస్త ఉరికేవాళ్లు, పల్లవికి తిరిగొచ్చేటప్పుడు నెమ్మదించేవాళ్లు. అలాంటి రెండు రికార్డులను నిమిషం సేపు కలిపి ఉంచడం రెండు ఎడ్లబండ్ల మీద చెరో కాలు వేసి నిలబడటమే. 1972లో టెక్నిక్స్ ఎస్ఎల్-1200 వచ్చింది. 1979లో దాని రెండో రూపం, పక్కన నిలువుగా జరిపే మీటతో వచ్చింది. ఆ మీటతో వేగాన్ని 8 శాతం వరకు పెంచొచ్చు, 8 శాతం వరకు తగ్గించొచ్చు. కొద్దిమంది గారడీగా ఉన్న పని అప్పుడు సాధనతో పట్టుబడే పనైంది. 1980లో రోలాండ్ టీఆర్-808, 1983లో 909 వచ్చాయి. యంత్రం వాయించిన దెబ్బ ఉరకదు, నెమ్మదించదు. హౌస్, టెక్నో పాటలు ఇంత సాఫీగా కలవడానికి డీజేల నైపుణ్యం ఎంత కారణమో ఈ పెట్టెలూ అంత కారణం.

ఇప్పుడు ఆ మీట శ్రుతికి ఏం చేసేదో లెక్క వేద్దాం. హార్మోనియంలో ఒక మెట్టు నుంచి నల్లవీ తెల్లవీ కలుపుకొని పక్క మెట్టుకు పోవడమంటే ధ్వని కంపనాల సంఖ్య 5.95 శాతం పెరగడం. 120 బీపీఎం, అంటే నిమిషానికి 120 దెబ్బలున్న పాటను 127కు తెచ్చామనుకోండి. పెరిగింది 5.8 శాతం, దాదాపు ఒక పూర్తి మెట్టు. లేబుల్ మీద ఎ మైనర్ అని ఉన్నా హాల్లో మోగేది బి ఫ్లాట్ మైనర్. మన లెక్కలో ఆరు శ్రుతి పాట ఆరున్నరకు ఎక్కింది. 126 నుంచి 128కి తెస్తే మెట్టులో పావు వంతు మాత్రమే జరుగుతుంది, పెళ్లిలో అది పట్టేవాళ్లుండరు. చిక్కంతా 3 శాతం దగ్గర. అక్కడ పాట సరిగ్గా రెండు మెట్ల మధ్య ఇరుక్కుంటుంది. ఏ శ్రుతికీ చెందని పాటను ఏ పాటతో కలిపినా పక్కింటివాళ్ల తంబురాలా వినిపిస్తుంది.

మరి రికార్డుల కాలంలో ఇన్ని వేల రాత్రులు ఎలా గడిచాయి? నాకు తోచిన జవాబు ఇది. శ్రుతి సమస్యకు మొదటి పరిష్కారం డీజే చెవిలో కంటే రికార్డు తయారీలో దొరికింది. టామ్ మౌల్టన్ లాంటివాళ్లు 1970ల మధ్యలో డాన్సు పాటలను 12 అంగుళాల రికార్డు మీదికి సాగదీశారు. దుకాణాల్లో అమ్మకానికొచ్చిన మొదటి 12 అంగుళాల సింగిల్‌గా 1976 నాటి "టెన్ పర్సెంట్"ను చెబుతారు. డబుల్ ఎక్స్‌పోజర్ పాడిన పాటను వాల్టర్ గిబ్బన్స్ కొత్తగా కూర్చాడు. క్రమంగా డాన్సు రికార్డులకు ముందో నిమిషం, వెనకో నిమిషం వట్టి డ్రమ్స్ ఉండటం రివాజైంది. వట్టి డ్రమ్స్ ఉన్నచోట కలిపితే కొట్టుకోవడానికి స్వరాలుండవు. మా హార్మోనియం పెద్దాయన చప్పట్లలో దాచుకున్న పనిని వీళ్లు పాటలోనే గది కట్టి పెట్టారు.

టెంపో ఎంత కచ్చితంగా కలవాలో కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఒక పాట 126, రెండోది 126.1 అనుకోండి. పదోవంతు తేడా. మొదటి దెబ్బ ఒకేసారి పడుతుంది. నిమిషం గడిచేసరికి రెండో పాట దెబ్బ సెకనులో ఇరవయ్యో వంతు ముందు పడుతుంటుంది. ఒక దెబ్బ రెండుగా చీలి గుర్రం డెక్కల్లా టకటక మొదలవుతుంది. సంగీతం తెలియనివాళ్లకు కూడా కాళ్లు తడబడతాయి. శ్రుతి పావు మెట్టు తప్పితే తల తిప్పని జనం లయ ఇంత తప్పితే చాలు బల్లవైపు చూస్తారు. శ్రుతి తల్లి, లయ తండ్రి అంటారు గానీ డీజే బల్ల దగ్గర నడిచేది తండ్రి పెత్తనమే.

వేగం కలిస్తే చాలదు, వరస కూడా కలవాలి. డాన్సు పాట 16, 32 దెబ్బల ముక్కలుగా కట్టి ఉంటుంది. 128 బీపీఎంలో 32 దెబ్బలంటే సరిగ్గా 15 సెకన్లు. ఒక పాట ముక్క ముగిసే చోట రెండో పాట ముక్క మొదలైతే రెండు పాటలు ఒకే పాటలో రెండు చరణాల్లా అతుక్కుంటాయి. నడిమధ్యలో మొదలైతే బీపీఎం ఎంత కలిసినా, కీ ఎంత కలిసినా ఏదో ఎబ్బెట్టు. కీ గురించి పుటలకు పుటలు రాసేవాళ్లు దీనికి రెండు వాక్యాలు కేటాయించి ముందుకు పోతుంటారు. అది నాకెప్పుడూ విడ్డూరమే.

గడియారం మీద పన్నెండు ఇళ్లు

ఇక చక్రం. మార్క్ డేవిస్ రూపొందించిన కేమెలాట్ చక్రం గడియారంలా ఉంటుంది. 1 నుంచి 12 దాకా అంకెలు, ఒక్కో అంకెకు రెండు ఇళ్లు: ఎ అంటే మైనర్, బి అంటే మేజర్. మొత్తం 24. ఎ మైనర్ 8ఎ, సి మేజర్ 8బి. నియమం చిన్నపిల్లలకైనా తలకెక్కుతుంది: ఉన్న ఇంట్లోనే ఉండు, లేదా అటో ఇటో ఒక అంకె జరుగు, లేదా అదే అంకెలో ఎ నుంచి బికి, బి నుంచి ఎకి మారు. 8ఎ తర్వాత 8ఎ, 7ఎ, 9ఎ, 8బి. అంతే.

పాశ్చాత్య సంగీతం చదివినవాళ్లు ఇది పంచమ చక్రానికి కొత్త రంగు వేయడమేనంటారు. నిజమే. మన పాఠకులకు ఇంకో దగ్గరి దారి ఉంది. 8బి నుంచి 8ఎకి పోవడం గ్రహభేదం. శంకరాభరణం స్వరాలనే ఉంచి ధైవతాన్ని షడ్జమం చేసుకుంటే నఠభైరవి వస్తుంది. మేజర్, మైనర్ జంట అంటే అదే. స్వరాలేడూ అవే, ఇల్లు మారింది. 8బి నుంచి 9బికి పోవడమంటే పంచమాన్ని షడ్జమం చేసుకుని మళ్లీ శంకరాభరణం పాడటం. పాత షడ్జమం దగ్గర నిలబడి వింటే ఒక్క మధ్యమమే మారింది, శంకరాభరణం కల్యాణి అయింది. వెనక్కి 7బికి పోతే ఒక్క నిషాదం మారి హరికాంభోజి అయింది. ఏడు స్వరాల్లో ఆరు ఉమ్మడిగా ఉన్న రెండు పాటలు కలిసి మోగితే కొట్టుకునే అవకాశం తక్కువ. చక్రంలో ఉన్న రహస్యం ఇంతే.

మన శ్రుతి అంకెలకూ ఈ అంకెలకూ తేడా గమనించాలి. తెల్ల మెట్లకు పూర్తి అంకెలు, నల్ల మెట్లకు అరలు ఇస్తూ మన లెక్క హార్మోనియం మీద వరసగా నడుస్తుంది. ఆరు పక్కన ఆరున్నర. కలిపి మోగించడానికి వస్తే ఆ పక్కపక్కవాళ్లే బద్ధశత్రువులు. రెండు మేజర్ పాటలు ఒక మెట్టు తేడాతో ఉంటే ఉమ్మడి స్వరాలు రెండే. ఆరుకు నిజమైన చుట్టం దూరంగా ఉన్న మూడు. తంబురాలో షడ్జమం పక్కన పంచమం మోగుతుంటే విని పెరిగినవాళ్లకు దీన్ని వేరే రుజువు చేయక్కర్లేదు. కేమెలాట్ చేసింది చుట్టాలను పక్కపక్క ఇళ్లలో కూర్చోబెట్టడం. స్వరజ్ఞానం లేని కుర్రాడు కూడా కూడికలతో పని నడుపుకోగలుగుతున్నాడంటే అది చిన్న మేలు కాదు.

కానీ చక్రం మాటను ఎంతవరకు నమ్మాలి? దాని భక్తులు చెప్పే ఒక చిట్కా ఉంది: అంకెకు 7 కలిపితే ఉత్సాహం పెరుగుతుందని. 8ఎకి 7 కలిపితే 15, పన్నెండు తీసేస్తే 3ఎ. ఎ మైనర్ నుంచి బి ఫ్లాట్ మైనర్, సరిగ్గా ఒక మెట్టు పైకి. చివరి చరణానికి శ్రుతి ఒక మెట్టు ఎత్తడం సినిమా పాటకు తెలియని విద్యేం కాదు, ఒళ్లు జలదరిస్తుంది కూడా. అయితే సినిమా పాటలో కింది శ్రుతి ఆగాకే పై శ్రుతి మొదలవుతుంది. డీజే రెండింటినీ అరనిమిషం కలిపి మోగిస్తే జలదరింపు పోయి పళ్లు కొరికినట్టుంటుంది. అది దూకడానికి పనికొచ్చే చిట్కా, కలపడానికి కాదు. చాలా పాఠాలు ఈ తేడా చెప్పకుండా రెండింటినీ ఒకే పట్టికలో వేసేస్తాయి.

ఇంకో లోపం లోతైనది. కీ పాటంతటికీ కలిపి పెట్టే ఒక పేరు. పాట లోపల కార్డ్స్, అంటే కలిపి మోగే స్వరాల గుంపులు, మారుతూ ఉంటాయి. రెండూ ఎ మైనరే అయినా, ఒకటి ఎఫ్ మీద ఉన్న క్షణంలో రెండోది జి మీద ఉంటే ఆ క్షణం కొట్టుకుంటుంది. పేర్లు కలిశాయి, మనుషులు కలవలేదు. 2016లో రోమన్ గెబ్‌హార్ట్, మాథ్యూ డేవిస్, బెర్న్‌హార్డ్ సీబర్ అనే పరిశోధకులు కీ పేరును పక్కనపెట్టి సూటిగా చెవి బాధనే కొలిచారు. రెండు పాటల్లోని ధ్వనులు ఒకదాన్నొకటి ఎంత గరుకుగా ఒరుసుకుంటున్నాయో లెక్కగట్టి, ఒక పాటను మెట్టులో ఎనిమిదో వంతు చొప్పున పైకీ కిందికీ జరిపి, గరుకు అతి తక్కువగా ఉన్న చోటు వెతికారు. సంగీతంలో తర్ఫీదున్న శ్రోతలకు వినిపిస్తే ఆ గరుకుదనం లెక్క వాళ్ల ఇష్టాయిష్టాలతో బాగా సరిపోయింది. నా దృష్టిలో ఇది పెద్ద మాట. చెవికి పేర్లు తెలియవు, ఒరిపిడి తెలుస్తుంది.

ఆ ఒరిపిడి ఎక్కడ ఎలా ఉంటుందో కూడా అంకెల్లోనే చూడొచ్చు. 440 హెర్ట్జ్, 466 హెర్ట్జ్ ధ్వనులు కలిస్తే సెకనుకు 26 సార్లు గరగరమంటాయి. అవే స్వరాలు మూడు స్థాయిలు కిందికి, బేస్‌లోకి దిగితే 55, 58.3. ఇప్పుడు తేడా మూడు చిల్లర. బేస్ మొత్తం సెకనుకు మూడుసార్లు ఉబ్బి తగ్గుతూ ఊగుతుంది. పెద్ద స్పీకర్ల ముందు నిలబడితే కడుపులో తిప్పినట్టుంటుంది. అందుకే పాత డీజేలు చక్రం పుట్టకముందే ఒక అలవాటు చేసుకున్నారు. కొత్త పాట తెచ్చేటప్పుడు దాని "లో" నాబ్ పూర్తిగా తగ్గించి, వరస మారే దెబ్బ మీద పాత పాట బేస్ తీసేసి అదే క్షణంలో కొత్తదాని బేస్ ఎత్తుతారు. రెండు బేస్‌లు ఎప్పుడూ కలిసి మోగవు. కీ గొడవల్లో సగం ఆ ఒక్క నాబ్ తీరుస్తుంది.

యంత్రం చెవి

ఇంతకీ 8ఎ అని ఎవరు చెప్పారు? ఒకప్పుడు కీబోర్డు ముందు కూర్చుని పాట పాటకూ షడ్జమం వెతుక్కోవాలి. 2006లో యాకోవ్ వొరోబ్యేవ్ మిక్స్‌డ్ ఇన్ కీ తెచ్చాక ఆ పని కంప్యూటర్‌కు పోయింది. ఇప్పుడు దాదాపు ప్రతి డీజే సాఫ్ట్‌వేర్ ఆ పని తనే చేస్తోంది. బీట్‌పోర్ట్‌లో పాట కొంటే పక్కనే బీపీఎం, కీ రాసి ఉంటాయి.

పద్ధతి స్థూలంగా ఇలా ఉంటుంది. పాటలో పన్నెండు స్వరాల్లో ఏది ఎంత మోగిందో యంత్రం కూడుతుంది. ఆ కూడికను 24 కీల నమూనాలతో పోల్చి దేనికి దగ్గరగా ఉంటే ఆ పేరు పెడుతుంది. ఆ నమూనాలకు మూలం సంగీతశాల కంటే మనస్తత్వశాస్త్ర ప్రయోగశాల. 1982లో కారొల్ క్రుమ్‌హాన్సల్, ఎడ్వర్డ్ కెస్లర్ శ్రోతలకు చిన్న సంగీత సందర్భం వినిపించి, తర్వాత ఒక్కో స్వరం ఎంత ఇమిడిందో మార్కులు వేయించారు. ఆ మార్కులే ఎన్నో పరికరాలకు తాతముత్తాతలు.

తప్పులు రావా అంటే వస్తాయి, వాటికో తీరుంది. మ్యూజిక్ సాఫ్ట్‌వేర్లను పరీక్షించే మిరెక్స్ పోటీలో సరైన కీ చెబితే ఒక మార్కు, పంచమం దూరంలో తప్పితే అర మార్కు, మేజర్-మైనర్ జంటలో ఒకదానికి బదులు ఇంకొకటి చెబితే 0.3, అదే షడ్జమం మీద మేజర్‌ను మైనర్ అంటే 0.2. తప్పుకు కూడా మార్కులివ్వడం ఎందుకంటే యంత్రం ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. డీజే అదృష్టమేమిటంటే మొదటి రెండు తప్పులూ చక్రంలో పక్కిల్లే. 8ఎని 9ఎ అనుకుని 9ఎతో కలిపితే ప్రమాదం లేదు. 9ఎ అనుకుని 10ఎతో కలిపితే మాత్రం నిజానికి రెండిళ్లు దాటారు. ఆ రెండో పాటలోనూ అలాంటి తప్పే ఉంటే మూడు. అంకెలు చక్కగా ఉన్నా మిక్స్ పుల్లగా ఎందుకుందని తల గోక్కునేవాళ్లలో చాలామంది బాధ ఇదే.

మన పాటల దగ్గరికొస్తే యంత్రం ఇంకా తికమకపడుతుంది. దాని దగ్గరున్నవి 24 గూళ్లు, అన్నీ మేజర్ మైనర్లే. మాయామాళవగౌళ ఛాయలో ఉన్న పాట ఏ గూట్లోనూ పట్టదు. దగ్గరగా ఉన్నదాంట్లో కుక్కి పేరు పెట్టేస్తుంది. సి షడ్జమంగా ఉన్న హిందోళంలో పంచమమే లేదు. ఆ అయిదు స్వరాలూ ఎ ఫ్లాట్ మీది మోహనం స్వరాలే కాబట్టి యంత్రం దాన్ని ఎ ఫ్లాట్ మేజర్ అనేయొచ్చు. వినేవాడికి షడ్జమం ఒకచోట, యంత్రానికి ఇంకోచోట. మోహనం మాత్రం డీజేకి దొరికిన వరం. అయిదు స్వరాలే కాబట్టి సి మీది మోహనం సి, ఎఫ్, జి మూడు మేజర్లలోనూ ఇమిడిపోతుంది. మోహనం ఛాయలో ఉన్న పల్లవి చేతిలో ఉంటే చక్రంలో మూడిళ్ల తలుపులు తెరిచి ఉన్నట్టే.

ఇప్పుడు మొదట చెప్పిన కవలల దగ్గరికి రావాలి. మీట జరిపితే కీ జరిగిపోయే రికార్డుల కాలంలో పాట మీద 8ఎ అని అంటించి ఏం లాభం? 120 పాటను 127కు తెచ్చిన మరుక్షణం ఆ చీటీ అబద్ధం. చీటీకి విలువ రావాలంటే వేగం మారినా శ్రుతి కదలకూడదు. 1994లో పయనీర్ సీడీజే-500 ప్లేయర్‌లో మాస్టర్ టెంపో అనే బటన్ వచ్చింది. దాన్నే ఇప్పుడు కీలాక్ అంటున్నారు. 2001లో సీడీజే-1000 వచ్చాక, ఆ వెనక ల్యాప్‌టాప్‌లు వచ్చాక అది అందరికీ చేరింది. కవలలు విడిపోయారు. కేమెలాట్ చక్రం తర్వాతి రోజుల్లో ఇంత వ్యాపించడానికి అసలు కారణం ఈ బటనేనని నేననుకుంటాను. పటం ముందే ఉంది. నేల కదలకుండా ఆగాకే దాంతో పని పడింది.

విడదీసినందుకు చెల్లించాల్సిన ధర ఒకటుంది. కీలాక్ ధ్వనిని సెకనులో అతి చిన్న ముక్కలుగా కోసి, వాటిని దగ్గరకో దూరంగానో జరిపి మళ్లీ అతుకుతుంది. రెండు మూడు శాతం దాకా ఎవరికీ తెలియదు. పది శాతం దాటేసరికి డ్రమ్ దెబ్బ అంచు మొద్దుబారుతుంది, చప్పట్ల శబ్దం తడిసిన గుడ్డ విదిల్చినట్టుంటుంది, గొంతుకు రేకు డబ్బా వాసన అంటుకుంటుంది. వట్టి డ్రమ్స్ ఉన్నంతసేపు కీలాక్ తీసేసి, గొంతు వచ్చే ముందు పెట్టేవాళ్లను చూశాను. తెలివైన పని. ఈ మధ్య స్టెమ్స్ వచ్చాయి. గొంతు, డ్రమ్స్, బేస్, మిగతా వాద్యాలు అప్పటికప్పుడు విడగొట్టే సదుపాయం అది. ఏ పాటలోంచైనా స్వరాలు తీసేసి వట్టి డ్రమ్స్ మిగిల్చుకోవచ్చు. 12 అంగుళాల రికార్డు కట్టిపెట్టిన గదిని ఇప్పుడు ఎక్కడంటే అక్కడ కట్టుకుంటున్నారు. దీనివల్ల కీ ప్రాధాన్యం తగ్గుతుందా, పెరుగుతుందా? రెండూ జరుగుతున్నాయి. మామూలు మిక్స్‌లో తగ్గింది. ఒక పాట గొంతును ఇంకో పాట వాద్యం మీద కూర్చోబెట్టే మాషప్‌లో కీ తప్పితే దాక్కోవడానికి ఎక్కడా చోటు లేదు.

ఈ లెక్కలన్నిటికీ ఎదురు సాక్ష్యంగా నిలబడే పేర్లూ ఉన్నాయి. 1970లో న్యూయార్క్‌లో లాఫ్ట్ పార్టీలు మొదలుపెట్టిన డేవిడ్ మన్‌కూసో కొన్నేళ్లకు మిక్స్ చేయడమే మానేశాడు. పాట మొదటినుంచి చివరిదాకా మోగాలి, ఆగాలి, తర్వాతది మొదలవ్వాలి. జనం ఆ కాసేపు ఆగి చప్పట్లు కొట్టేవాళ్లు. పారడైజ్ గరాజ్ క్లబ్బులో డీజే లారీ లెవాన్‌ను జనం ఆరాధించింది అతుకుల నునుపు చూసి కాదు, ఏ పాట తర్వాత ఏ పాట వేస్తాడో అన్న ఆత్రంతో. వీళ్లను చూపించి "టెంపో, కీ ఎందుకు" అనేవాళ్లుంటారు. వాళ్ల పాటల ఎంపిక మీకుంటే ఎందుకూ అక్కర్లేదు. అది లేనివాళ్లకే ఈ చదువంతా, అంటే మనలో చాలామందికి.

ఫంక్షన్ హాల్లో

హైదరాబాద్ శివారులో ఒక సంగీత్‌కు వెళ్లినప్పుడు డీజే కుర్రాడి పక్కన గంటసేపు నిలబడ్డాను. క్లబ్బులో అరనిమిషం, నిమిషం సాగే మిక్స్ ఇక్కడ నాలుగైదు సెకన్లే. కారణం పాటలోనే ఉంది. సినిమా పాటకు ముందో నిమిషం వట్టి డ్రమ్స్ ఉండవు. జనం ఎదురుచూసే ముక్క తొందరగా వచ్చేస్తుంది, రాకపోతే వాళ్లే అరుస్తారు. నూట ఇరవై చిల్లర పాట నుంచి తొంభై అయిదుకు దిగాలంటే మీట జరిపి పోలేం. ఎకో వేసి పాత పాటను గాలిలో వదిలేసి, ఒక దెబ్బ ఖాళీ ఇచ్చి కొత్తది దించుతాడు. అంత చిన్న చోట కీ చూసుకుంటే పోయేదేం లేదు, చూసుకోకపోయినా పెద్దగా పోయేదేం లేదు.

అసలు చిక్కు తీన్మార్ దగ్గర వచ్చింది. తీన్మార్ తిశ్రంలో నడుస్తుంది, ఒక్కో దెబ్బ లోపల మూడు. హౌస్ లాంటి పాటలు చతురశ్రం, దెబ్బ లోపల నాలుగు. పెద్ద దెబ్బల వేగం అణువంత తేడా లేకుండా కలిసినా లోపలి మూడూ నాలుగూ ఒకదాని కాళ్లలో ఒకటి పడతాయి. సాఫ్ట్‌వేర్ కూడా ఇక్కడ తప్పటడుగు వేస్తుంది. వంద ఉన్న తిశ్రం పాటను నూటయాభై అని చూపిస్తుంది. డ్రమ్ అండ్ బేస్ పాట 174ను 87 అనడం లాంటిదే ఇదీ, కానీ సగాన్ని రెట్టింపు చేసుకోవడం తేలిక, రెండుకు మూడు లెక్క పట్టుకోవడానికి చెవి కావాలి. ఆ కుర్రాడు తిశ్రానికి పోయే ప్రతిసారీ ఎత్తుగడ దెబ్బ మీద తుంచేస్తున్నాడు. కలపడానికి ప్రయత్నించలేదు. మృదంగం వాయించేవాళ్లు నడ మార్చేటప్పుడు చేసేదీ అంతే కదా అనుకున్నాను.

కాసేపటికి పెళ్లికొడుకు తరఫు డప్పుల వాళ్లు నేరుగా హాల్లోకి వచ్చేశారు. వాళ్ల వేగం వాళ్లది, ఊపొస్తే ఉరుకుతుంది. కుర్రాడు వేగాన్ని తనంతట తానే కలిపే సింక్ ఆపేసి, హెడ్‌ఫోన్స్ పక్కన పడేసి, మీట మీద వేలు పెట్టి వాళ్లనే చూస్తూ పాటను వాళ్ల వెనక నడిపించాడు. డప్పు పెరిగినప్పుడల్లా పాట పెరిగింది. కీలాక్ తీసేసి ఉంది, గొంతు కొంచెం పైకి పోతూనే ఉంది, ఎవరికీ పట్టలేదు. 1970లో గ్రాసో చేతికి తగిలిన కష్టం సరిగ్గా ఇదే అయ్యుంటుంది.

తర్వాత భోజనాల సమయంలో అడిగాను, కీ చూసుకుంటావా అని.

"చూస్త సార్. కానీ దాన్కంటే ముందు ఇది చూస్త" అని ల్యాప్‌టాప్ నావైపు తిప్పాడు. పాటల జాబితాలో బీపీఎం ఒక గడి, కీ ఒక గడి. వాటి పక్కన కామెంట్స్ గడిలో తను టైప్ చేసుకున్న అంకెలు: గొంతు 14, గొంతు 9, గొంతు 31.

"పాట మొదలైనంక గొంతు ఎన్ని సెకన్లకు వస్తదో అది. అంతలోపల నేను అవతల పాటకెళ్లి బయటపడాలె. పడకపోతే అప్పుడు కీ చూసుకోవాలె."

తర్వాత వేయాల్సిన పాట మీద వేలు పెట్టాడు. గొంతు 6 అని ఉంది. పక్కన కీ గడిలోకి ఒకసారి చూసి, దాన్ని వదిలేసి ఇంకో పాట వెతకడం మొదలుపెట్టాడు.